చివరి నంబరు నలభై ఆరు

ఆమ్‌స్టర్‌డామ్. ఏప్రిల్ నెల, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు. కాలువలో పడ్డ సైకిళ్ళను ఏరే పడవలో ఇనుప పంజా నడిపే ముసలి వీబ. గట్టు మీద యోరిండా.

"అది కాదు బాబాయ్! ఇంకా ఎడమకి. ఆ దీపస్తంభానికి సరిగ్గా ఎదురుగా."

"అమ్మా, పొద్దుటినుంచీ పద్నాలుగు సైకిళ్ళు తీశాను. పద్నాలుగింటికీ 'అది కాదు' అన్నావు. ఒకటి బాగానే ఉంది కదా, బెల్లు కూడా మోగుతోంది. అది పట్టుకుపో."

"నాకు బండి అక్కర్లేదు. హ్యాండిల్ మీద తెల్ల పట్టీ చుట్టి ఉంటుంది, దాని మీద నంబర్లు. ఆ పట్టీ చాలు."

"పట్టీయా?"

"ఆకుపచ్చ బండి. తెల్ల పట్టీ. ఎన్నిసార్లు చెప్పాలి!"

"అరవకు తల్లీ, ముప్పై ఏళ్ళనుంచీ చేస్తున్నాను ఈ పని. తాళాల కోసం వచ్చినవాళ్ళని చూశాను, కట్టుడు పళ్ళ కోసం వచ్చినాయన్నీ చూశాను. పట్టీ కోసం వచ్చింది నువ్వొక్కదానివే."

"నాలుగింటికి నేనక్కడ ఉండాలి బాబాయ్."

"ఎక్కడ?"

"అదే తెలీదు. అది ఆ పట్టీ మీద ఉంది."

"ఓహో. షికారు దారా? సైకిల్ దారుల్లో కూడలికో నంబరు స్తంభం ఉంటుందే, ఆ నంబర్లు వరసగా రాసుకుని తొక్కుకుంటూ పోతామే, అదా?"

"అదే. మా ఆయన లౌరెన్స్ రాసుకున్నాడు. ఆయనకి ఆదివారం వస్తే ఊరి బయట పడాలి. నాకు గిట్టదు. ఆఫీసుకీ కూరగాయలకీ తప్ప నేను బండెక్కను."

"మరి ఆయన్నే అడగొచ్చుగా?"

"ఫోనెత్తడు. చెల్లెలింటికని వెళ్ళిపోయి పదకొండు రోజులైంది. ఆ చెల్లెలు తలుపు తియ్యదు. వెళ్ళేటప్పుడు ఒకటే మాటన్నాడు. 'శుక్రవారం నాలుగింటికి చివరి నంబరు దగ్గర ఉంటాను. వస్తే రా. రాకపోతే ఇక మనం కలుసుకోనక్కర్లేదు' అని."

"శుక్రవారమంటే ఇవాళే."

"ఇవాళే బాబాయ్! రెండూ పదైంది!"

"సరే, సరే. ఈ పాకం బిస్కట్టు తిను, మొహం పాలిపోయింది. చివరి నంబరైనా గుర్తులేదా?"

"ఉంది. నలభై ఆరు."

"మరింకేం? నలభై ఆరు ఎక్కడుందో వెతుక్కుని వెళ్ళిపో."

"తెలుసు ఎక్కడుందో. ఉత్తరాన హోలిస్లోట్‌లో. కట్ట దిగగానే చెక్క వంతెన, వంతెన పక్కనే నంబరు స్తంభం, దాని వెనక పచ్చ తలుపుల ఇల్లు. అక్కడ ఆయనుండడు. ఉండకూడదు. నేను నంబరు తప్పు చదివానేమో, పట్టీ చూస్తే గానీ తెలీదు."

"ఇదేం చోద్యం! షికార్లు గిట్టవంటావు, నలభై ఆరు మాత్రం కళ్ళు మూసుకుని చెప్తున్నావు."

"ఒకటి రెండుసార్లు వెళ్ళాన్లే."

"ఒకటా, రెండా?"

"పంజా దించు బాబాయ్."

"దించుతాను గానీ, ఇంతకీ ఈ బండి నీళ్ళలో ఎలా పడింది? గాలికా?"

"పడింది."

"తాగుబోతు కుర్రాళ్ళు తోసుంటారు. శనివారం వస్తే వాళ్ళకదే పని."

"అయ్యుండొచ్చు."

"మరి దీపస్తంభానికి ఎదురుగా అని ఇంచీలతో సహా నీకెలా తెలుసు?"

"ఎలాగో తెలిసింది. పంజా దించవేం?"

"అమ్మా, అడిగింది చెప్పు."

"నేనే తోశాను. చాలా? నేనే! రెండు చేతులతో ఎత్తి, గట్టు మీదినుంచి తోశాను. ఇప్పుడు దించు!"

"హహ్హ! అలా చెప్పు మరి. ఇందాక కుర్రాళ్ళ మీదికి పోనిచ్చావు పాపం. అయితే కథ నాకర్థమైంది. పచ్చ తలుపుల ఇల్లు. ఆ ఇంట్లో ఒకరున్నారు."

"ఉన్నారు."

"మీ ఆయన నంబర్ల చివర ఆ ఇంటి నంబరు చూశావు. కడుపు మండింది."

"చూశాను. చూడగానే బండి ఎత్తాను."

"అందగత్తేనా?"

"బాబాయ్, నీకు దండం పెడతాను. దించు."

"దించలేను తల్లీ."

"ఎందుకూ?"

"అటు చూడు. నీ దీపస్తంభానికి ఎదురుగానే. చెత్తకుప్ప అనుకుంటున్నావేమో, అది గూడు. నీటికోడి గుడ్ల మీద ఉంది. గుడ్ల మీదున్న పిట్ట దగ్గర పంజా వెయ్యను. ఎవరూ వెయ్యరు."

"ఒక్క పిట్ట కోసం…"

"ఒకటి కాదు, ఎన్ని గుడ్లున్నాయో ఏమో. మే నెలాఖరుకి రా, తీసిస్తాను."

"మే నెలా! నాలుగింటికి నా కాపురం పోతుంటే మే నెలాఖరంటావేంటి? అయితే తప్పుకో, నేను దూకుతాను."

"ఏయ్! ఏయ్! కోటు విప్పకు! ఈ నీళ్ళలో అయిదు నిమిషాలుంటే కర్రలా బిగుసుకుపోతావు. ఆగు! పడవలోకి దిగు. ఇదిగో గెడ, చివర కొక్కెముంది. మెల్లగా గూటి పక్కనుంచి కిందికి పోనివ్వు. పిట్టకి తగిలిందో, నిన్నూ గెడనీ కలిపి గట్టెక్కిస్తాను."

"ఇలాగా?"

"మెల్లగా అన్నాను. చీపురుతో బూజు దులుపుతున్నావా?"

"అది నా చెయ్యి పొడుస్తోంది బాబాయ్!"

"పొడవదూ మరి? దాని కాపురం దానిది. నువ్వు నీ పని చూసుకో."

"తగిలింది. ఏదో తగిలింది. అబ్బ… జారిపోయింది. ఎంతైంది టైము?"

"టైము నేను చూస్తాన్లే. నువ్వు నీళ్ళు చూడు."

"రావట్లేదు. ఇక రాదు. వదిలెయ్ బాబాయ్. నాకు ఇలాగే కావాలి."

"ఏడిస్తే గెడ వణుకుతుంది. ముక్కు తర్వాత తుడుచుకుందువు గానీ, ఇంకాస్త కిందికి. అదీ! పట్టింది. లాగకు, నన్ను పట్టుకోనీ. ఒకటి, రెండు…"

"ఆకుపచ్చ! బాబాయ్, ఆకుపచ్చది! ఇదే!"

"పిట్ట లేచిందా?"

"లేవలేదు. తిడుతోంది, అంతే."

"తిట్టనీ. పట్టీ ఉందా?"

"ఉంది. పైన ప్లాస్టిక్ కూడా చుట్టాడు. వానకి తడవకూడదని. ఎప్పుడూ ఇంతే, ముందే అన్నీ ఆలోచిస్తాడు… బురద. కనబడట్లేదు."

"నా చొక్కా చేతితో తుడువు. ఆ… చదువు."

"పన్నెండు. అరవై మూడు. తర్వాత… ఎనభై ఒకటి. ఏడు. ఇరవై తొమ్మిది. నలభై ఆరు. చూశావా, నలభై ఆరే. నేను పొరబడలేదు."

"ఆగాగు. పన్నెండు తర్వాత అరవై మూడా?"

"అరవై మూడే."

"హోలిస్లోట్ ఎటు? ఉత్తరానికి. ఫెర్రీ ఎక్కి దాటాలి. పన్నెండు నుంచి అరవై మూడంటే ఆమ్‌స్టెల్ నది గట్టు. మీ ఆయన దక్షిణానికి పోతున్నాడమ్మా."

"దక్షిణానికా?"

"నది పక్కనే, గాలిమర దాటి అవుదర్‌కెర్క్. అక్కడ ఎనభై ఒకటి. ఆ తర్వాత అబ్‌కావ్‌డె. ఏడూ ఇరవై తొమ్మిదీ హైన్ ఏటి ఒడ్డున. నేనూ మా ఆవిడా ఎన్నిసార్లు తొక్కామో! ఓ పక్క ఏరు, ఓ పక్క ఆవులు, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు. ఆ దారిలో నలభై ఆరు వేరే. వందలోపు నంబర్లే కదా పెట్టారు, దేశం నిండా అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ముందు నంబరేదో చూడకుండా చివరిది చూసి ఊరు చెప్పేస్తారా ఎవరైనా?"

"అక్కడేముంది బాబాయ్? ఈ నలభై ఆరు దగ్గర?"

"ఏముంటుంది, ఏమీ లేదు. ఓ బుల్లి వంతెన. మనిషి పడితే బండి పట్టదు. పక్కన పడవలు పెట్టుకునే రేకుల షెడ్డు."

"ఎర్ర రేకులా?"

"ఎర్రవే. నీకెలా తెలుసు?"

"పెళ్ళైన మర్నాడు అక్కడే ఆగాం. కుండపోత వాన. మిగిలిన యాపిల్ కేకు డబ్బా ఉంది మా దగ్గర. చెంచాల్లేవు. ఆ రేకుల కింద కూర్చుని చేతుల్తో తినేశాం, మొత్తం. నవ్వీ నవ్వీ నాకు ఎక్కిళ్ళు…"

"పెళ్ళెప్పుడైంది?"

"అక్టోబరు పదకొండు."

"ఎన్నేళ్ళైంది?"

"పన్నెండు."

"పన్నెండేనా? ఇవాళ తేదీ ఎంత?"

"ఏప్రిల్… పదకొండు."

"పన్నెండున్నర! పాతికేళ్ళ వెండి పెళ్ళికి సగం, రాగి పెళ్ళమ్మా ఇవాళ! ఇంట్లో గుమ్మానికి తోరణాలు కట్టాల్సిన రోజున కాలువలో గెడ వేస్తున్నావు. మా ఆవిడ ఆ రోజు మర్చిపోతే నెల్లాళ్ళు నేను మాట్లాడి ఉండేవాణ్ణి కాదు."

"మర్చిపోయాను. ఆయనొక్కడే గుర్తుంచుకున్నాడు."

"పోన్లే. మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదని తేలింది కదా. ఇదిగో, నా బండి తీసుకో. సీటు కాస్త ఎత్తు, బ్రేకు ఒకటే పని చేస్తుంది. పద్దెనిమిది కిలోమీటర్లు, మూడు కావస్తోంది. వెళ్ళి కాళ్ళు పట్టేసుకో. బండే కదా తోశావు, క్షమిస్తాడు."

"బండి గురించి కాదు బాబాయ్."

"మరి?"

"ఆ పచ్చ తలుపుల ఇంటికి వెళ్ళేది ఆయన కాదు. నేను."

"ఏమన్నావ్?"

"బుధవారాలు. ఏడాదినుంచీ. ఆ పొద్దున పట్టీ మీద నలభై ఆరు చూసి, తెలిసిపోయింది, నన్ను పట్టుకోవడానికే వెళ్తున్నాడనుకున్నాను. అందుకే తోశాను. సాయంత్రం వచ్చి 'నా బండేది?' అన్నాడు. అన్నీ తెలిసి ఇంకా నాటకమెందుకని నేనే మొదలుపెట్టాను. మొదటినుంచీ చివరిదాకా నా నోటితో నేనే చెప్పేశాను. ఆయనకేమీ తెలీదు బాబాయ్. పాపం, కేకు తిన్న చోటికి దారి రాసుకున్నాడు, అంతే."

"…ఒక్కటి చెప్పు తల్లీ. నాలుగింటికి అక్కడుంటానన్నది, నువ్వు చెప్పకముందా, చెప్పాకా?"

"చెప్పాక. బ్యాగు పట్టుకుని, గుమ్మంలో నిలబడి."

"అంతా విన్నాకేనా?"

"అంతా విన్నాకే… అంతా విన్నాకే అన్నాడు బాబాయ్! సీటు ఎత్తైతే ఎత్తైంది, బండిటివ్వు!"