రెండు చోట్లా ఒకే పేరు

వియన్నాలో ఒక కచేరీ హాలు వెనక గది, మూలన ఒక పియానో. రిహార్సల్ మధ్యలో విరామం. పియానో వాయిస్తూనే ఆర్కెస్ట్రాను కూడా నడిపించే ఓట్మార్ క్రెన్ ఉన్నాడు. ఎదురుగా ఆయన కచేరీలు కుదిర్చే హెడ్విగ్.

"ఆ పియానిస్టుతో ఇక నావల్ల కాదు, హెడ్విగ్ గారూ. మాన్పించేయండి."

"మేస్ట్రో, పియానిస్టు మీరే."

"తెలుసు. మొహం మీద చెప్పలేకే మీతో చెప్పిస్తున్నా."

"సాయంత్రం కచేరీ పెట్టుకుని ఇప్పుడా! పోస్టరు మీద పియానో దగ్గరా, ఆర్కెస్ట్రా దగ్గరా, రెండు చోట్లా మీ పేరే వేశాం."

"ఎవడి పేరు పెద్దది?"

"రెండూ సమానమే. టేపు పెట్టి కొలిచారుగా."

"కొలిచింది వాడు, నేను కాదు."

"సరే, వాడే. ఇప్పుడేం చేశాడు?"

"నేను చెయ్యెత్తితే చూడడు."

"ఆ చేత్తోనేగా వాయిస్తున్నాడు పాపం."

"మీరూ వాడి వైపేనా? లింజ్‌ కచేరీలో చూశారుగా, పూలన్నీ వాడే పట్టుకుపోయాడు."

"మీ కుడిచెయ్యి మీ ఎడమచేతికి షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటుంటే నేనెటు చూడాలో తెలీలేదు. అదుగో, గంట. పిలుస్తున్నారు."

"ఏ గంట?"

"ఇప్పుడు మోగిందిగా."

"మోగనివ్వండి. ముందిది తేలాలి."

"అసలు సంగతేంటో చెప్పండి."

"ఏమన్నారు? ఇటుపక్క కూర్చోండి."

"అసలు సంగతేంటి అంటున్నా!"

"మనం వాయించే దాంట్లో మూడో భాగం."

"అదా! ఎంత నిదానం, ఎంత లోతు అని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి."

"లోతూ లేదు, పాడూ లేదు. వాడి ఉంగరం వేలు లేవడం లేదు. అందుకని ఏడాదిగా ఆర్కెస్ట్రాని నెమ్మదిగా లాక్కొస్తున్నా. వాడికి తెలీకుండా."

"అయ్యో."

"ఇవాళ ఓబో ఊదే ఆయన మొహం నీలంగా అయిపోయింది. ఆ నెమ్మదికి ఊపిరి చాలక."

"స్వరం మధ్యలో తెగింది కూడా."

"తెగిందా?"

"అందరూ ఉలిక్కిపడ్డారు, మేస్ట్రో."

"నేను... మొహమే చూశాను. సరే, నా స్నేహం కోసం ఇంకొకరి ప్రాణం తియ్యలేను. మీరే చెప్పండి వాడికి. పియానో లేకపోతే వాడేమైపోతాడో. కాస్త మెత్తగా చెప్పండి."

"ఎలా చెప్పను? మీరు ఇక్కడే ఉన్నారు."

"నేను బయటికి పోతా. ఆ పియానో ముందు కూర్చుంటే వాడొస్తాడు."

"దేవుడా. కూర్చోండి మరి. ...ఎవరు ఇప్పుడు?"

"నేనే, పియానిస్టుని. వాడు వెళ్ళాడా?"

"వెళ్ళారు. క్రెన్ గారూ, ఇవాళ్టితో పియానో..."

"మానెయ్యమన్నాడు. వేలు లేవడం లేదన్నాడు. అంతేనా?"

"మీకు తెలుసా?"

"ఇటు చూడండి."

"అబ్బ! ఇంత వేగంగానా! ఉంగరం వేలు బ్రహ్మాండంగా లేస్తోందే! మరి ఏడాదిగా ఈ నాటకం..."

"ఇందాక గంట మోగితే వాడికి వినపడిందా?"

"...లేదు."

"వేగంగా పోతే ఆర్కెస్ట్రా ఎక్కడుందో వాడికి తెలీదు. నెమ్మదిగా ఉంటే వయొలిన్ల కమాన్లు చూసి పట్టుకుంటాడు."

"మరి మీకు వినపడుతోందా?"

"నాకెందుకు? వేళ్ళున్నాయి."

"సాయంత్రం ఏం చేద్దాం?"

"నెమ్మదిగానే. ఓబో ఆయన్ని ముందే గుండెనిండా ఊపిరి పీల్చుకోమనండి. ఇంకోటి, హెడ్విగ్ గారూ, నా వేలు బాగానే ఉందని వాడికి మాత్రం చెప్పకండి."