నా వైపు బ్రేకు

అధ్యక్షత వహిస్తున్న మా డ్రైవింగ్ స్కూలు యజమానురాలు మేడమ్‌గారికి, వేదిక మీదున్న పెద్దలకు, తోటి మాస్టర్లకు, మా మెకానిక్ బాబాయికి, నా దగ్గర నేర్చుకుని ఇవాళ సొంత బళ్లలో క్షేమంగా ఇక్కడి దాకా వచ్చిన శిష్యులందరికీ నమస్కారం. క్షేమంగా అన్న మాట ఊరికే అనలేదు, ఇందాక గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరు బండి పెట్టే తీరు చూశాను. (నవ్వులు)

ఇవాళ నా రిటైర్మెంటు సభ అని నన్ను పొగిడినవాళ్లంతా నా ఓపిక గురించే చెప్పారు. విసుక్కోడు, అరవడు అన్నారు. నిజమే, కానీ అందులో నా గొప్పేమీ లేదు. నేర్పే బండిలో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందని మీకందరికీ తెలుసు. కాలి కింద అది ఉన్నవాడికి నోరు చేసుకోవాల్సిన అవసరం ఏముంటుంది చెప్పండి. ముందు వరసలో ఉన్న మన పళ్ల డాక్టరుగారు లైసెన్సు రాగానే కొత్త కారు కొనుక్కుని, మర్నాడే నాకు ఫోన్ చేసి, మాస్టారూ, షోరూమువాళ్లు నన్ను మోసం చేశారు, మీ బండి సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగేది, ఇది ఆగట్లేదు అని వాపోయారు. (నవ్వులు) ఏమనుకోకండి డాక్టరుగారూ, నా పళ్లు మీ చేతిలో ఉన్నాయన్న భయంతో ఇన్నాళ్లూ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు.

ఎక్కడా అంటే మేడమ్‌గారి దగ్గర తప్ప. ఆవిడ అంతా విని, నవ్వి, మాస్టారూ, మీ కాలికి కాస్త విశ్రాంతి కావాలి అని, కొండ పక్కనున్న మౌన శిబిరంలో వారం రోజులకు నా పేరు రాయించారు. అక్కడ మాట్లాడకూడదు, చదవకూడదు, ఫోన్ ఉండదు, వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనిస్తూ కూర్చోవాలి. నేను మాట్లాడకుండా వారం ఉంటానని తెలిసి మా ఆవిడ నాకంటే ముందే సంచి సర్దేసింది.

కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే ఊపిరి మాట దేవుడెరుగు, మన మార్కెట్ వీధి మలుపు కనబడింది. పక్క చాప మీద ఒక ప్లీడరుగారు మొదటి పూటే సమాధిలోకి వెళ్లిపోయారు, గురక వినబడ్డాక గానీ అది ఏ రకం సమాధో నాకు అర్థం కాలేదు. అసలు చిక్కు నడక దగ్గర వచ్చింది. ఒకరి వెనక ఒకరం, ప్రతి అడుగునూ గమనిస్తూ హాలు చుట్టూ తిరగాలి. నా ముందున్న ప్లీడరుగారు కాస్త నెమ్మదించారో లేదో, నా కుడికాలు నేలను గట్టిగా నొక్కేది. ఆయన మలుపు తిరిగితే మళ్లీ నొక్కేది. వెనకవాళ్లు వచ్చి నా వీపుకు గుద్దుకునేవాళ్లు. మౌనం కాబట్టి నోటితో తిట్టడానికి లేదు, కళ్లతో తిట్టారు.

శిబిరం నడిపే పెద్దావిడ చూసి చూసి నన్ను పక్కకు పిలిచింది. "ఆ కాలు ఏం చేస్తోంది?" అని అడిగింది.

"ఉద్యోగం చేస్తోందండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఎవరిని కాపాడుతోంది అని అడిగింది. నేను చుట్టూ చూశాను. ప్లీడరుగారు, ఒక గోడ తప్ప ఇంకేమీ కనబడలేదు.

"మానేయమనట్లేదు," అంది. "నొక్కే ముందు, నొక్కబోతున్నానని తెలుసుకోండి. అంతే."

ఆ 'అంతే'కి మిగిలిన రోజులన్నీ చాల్లేదు. ఎప్పుడు చూసుకున్నా నొక్కేసిన తర్వాతే తెలిసేది. ఒక్కసారి మాత్రం లేవబోతూ లేవబోతూ కాలు నాకు దొరికిపోయింది. దాని వెనకాల చిన్న భయం కూర్చుని ఉంది. వీళ్లు గుద్దేస్తారేమోనని కాదు. నేను నొక్కకపోయినా వీళ్లు ఆగిపోతారేమోనని. ఈ మాట ఇంతవరకూ మేడమ్‌గారికి కూడా చెప్పలేదు.

తిరిగొచ్చాక బండిలో కాలు ఎత్తే ముందు ఒక్క క్షణం చూడటం మొదలుపెట్టాను. చిత్రం, చాలామంది వాళ్లంతట వాళ్లే ఆగారు. ఒకాయన మాత్రం చెత్తడబ్బాను ముద్దాడాడు, ఆ బంపరు కథ మెకానిక్ బాబాయిని అడగండి. ఇంటికొస్తే తెలిసింది, ఈ జబ్బు కాలికే కాదు, నోటికీ ఉందని. మా ఆవిడ ఏదైనా మొదలుపెడితే చాలు, మిగతాది నేనే పూర్తి చేసి, తెలుసులే అనేసేవాణ్ని. ఒకరోజు పొద్దున బట్టలు ఆరేస్తూ, "మీ స్కూల్లో చిన్న మాస్టారి దగ్గర..." అంది. తెలుసులే అనబోయి, అనబోతున్నానని తెలిసి, నోరు మూసుకున్నాను. ఆవిడ ఒక తడి చొక్కా దులిపి, తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, అప్పుడు పూర్తి చేసింది. "...నేను కారు నేర్చుకుంటున్నాను."

ఇంట్లో ఇంత పెద్ద మాస్టారు ఉండగా ఇదేమిటన్నాను. మీ దగ్గరైతే నాకు వస్తోందో రావట్లేదో ఎప్పటికీ తెలియదు అంది. చిన్న మాస్టారూ, అలా తల దించుకోకండి, మీ మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది, దాన్ని కూడా గమనిస్తున్నాను. (నవ్వులు)

మొన్న ఆవిడకి లైసెన్సు వచ్చింది. ఇందాక మేడమ్‌గారు నేను ఇన్నేళ్లూ పాఠాలు చెప్పిన పాత బండి తాళాలు కానుకగా నా చేతిలో పెట్టారు. బాబాయి నా వైపు బ్రేకు ఊడదీసి, అక్కడ కొత్త మ్యాట్ పరిచాడట. సంతోషంగా ఉంది, దాచుకోవడమెందుకు, బెంగగా కూడా ఉంది. రేపట్నుంచి నేను కాలు పెట్టకపోయినా ఈ ఊళ్లో బళ్లన్నీ ఆగుతాయి. మీకది మామూలు సంగతే, నాకు మింగుడు పడటానికి టైం పడుతుంది.

చిన్న మాస్టారూ, ఈ తాళాలు మూడో వరసలో ఉన్న మీ శిష్యురాలికి అందించండి. ఇవాళ ఇంటికి బండి తనే నడుపుతుంది. నేను బుద్ధిగా వెనక సీట్లో కూర్చుంటానని ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాను, అక్కడైతే నా కాలు ఏం చేసుకున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఆగండి, మా ఆవిడ లేచింది. "వెనక సీట్లో..." అంటోంది. దయచేసి చప్పట్లు ఆపండి. తర్వాత మాట ఏమిటో నాకు తెలుసనే అనిపిస్తోంది, కానీ తెలియదు. చెప్పనివ్వండి. (ఆవిడ మాట పూర్తి చేస్తుంది)

చివరి వరసలవాళ్లకు వినబడలేదట. ఆవిడ మాటను ఆవిడ అన్నట్టే చెబుతాను. "వెనక సీట్లో వద్దు. నా పక్కన కూర్చోండి. కాలు మీ ఇష్టం."

ఇంకా రెండు కాగితాలు రాసుకొచ్చాను, చదవలేను. ఇన్నేళ్లూ నన్ను పక్క సీట్లో భరించిన మీ అందరికీ ధన్యవాదాలు. ఆవిడ అప్పుడే తలుపు దాకా వెళ్లిపోయింది. సెలవు.