గానుగెద్దుతో సముద్ర స్నానం

పేరయ్యని అందరూ గానుగ పేరయ్య అనేవాళ్ళంట. ఏటవతల ఊళ్ళో ఉండేది ఒకే ఒక్క గానుగ, అది ఆయనదే. మనిషి మంచోడే, కాదనను, కానీ ఆ నోరు మూతపడేది కాదు. గానుగ దూలం మీద కూచుని, ఎద్దు తిరుగుతా ఉంటే తనూ దాంతో పాటే తిరుగుతా, తెల్లారి మొదలుపెట్టాడంటే నువ్వులు తెచ్చినోళ్ళతో మాట్టాడతాడు, వాళ్ళు పోతే దారినపోయేవాళ్ళని పిలిచి మాట్టాడతాడు, ఎవరూ లేకపోతే ఎద్దుతో మాట్టాడతాడు. మన యెంకటసుబ్బయ్య లాగా అనుకో. నవ్వబాకయ్యా, నిన్నే అంటున్నా. ఆ ఎద్దు పేరు మైలోడు. గానుగెద్దుకి కళ్ళకి గంతలు కడతారు గదా, దానికేం కనపడదు. దానికి తెలిసిందల్లా ఒకటే. ఎనకమాల పేరయ్య గొంతు వినపడతా ఉందా, పని ఉన్నట్టు, నడవాల. గొంతు ఆగిందా, పని అయిపోయినట్టు, నిలబడాల, తెలకపిండి పెడతారు. కోడెదూడప్పటి నించీ అట్టా అలవాటు పడిపోయింది. పేరయ్య చేతిలో తోలే కర్ర కూడా ఉండేది కాదంట. ఎందుకూ, నోరుందిగా.

ఆయనకి ఒకతే కూతురు, నాంచారు. చిన్నప్పుడు నాయన ఒళ్ళో కూచుని గానుగ మీద తిరిగిన పిల్లే. ఆయన ఒకటంటే అది నాలుగనేది, ఇద్దరూ కలిసి ఎద్దుకి చెవులు తూట్లు పొడిచేవాళ్ళు. అట్టాంటి పిల్లకి పద్నాలుగో ఏడొచ్చింది. ఏమైందంటే ఏమీ కాలా, పద్నాలుగో ఏడొచ్చింది, అంతే. మీ ఇళ్ళల్లో చూడటంలా? నాయన నోరు తెరిస్తే చాలు, ఆ పిల్లకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. అంత గట్టిగా ఎందుకు మాట్టాడాల, తెలవనోళ్ళతో కూడా ఎందుకు మాట్టాడాల, మాట్టాడితే మాట్టాడాడు, నా సంగతులెందుకు చెప్పాల అని వాళ్ళమ్మ ఆదెమ్మ దగ్గర గొణిగేది. నాయన పిలిస్తే ఊ అనేది. అన్నం తిన్నావా తల్లీ అంటే తల ఊపేది. పేరయ్యకేం అర్థం కాలా. నేనేం తప్పు చేశానే ఆదెమ్మా, నిన్నటిదాకా నాయనా నాయనా అని మెడకి చుట్టుకున్న పిల్ల, నా మొహం చూట్టంలేదు అని పెళ్ళాం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంట. మగాడై ఉండి ఏడుపేందంటావా? ఆడపిల్లని కని చూడు, తెలిసిద్ది.

ఇట్టా ఉండగా మాగ పున్నం వచ్చింది. ఊరూ ఊరూ బళ్ళు కట్టుకుని సముద్రం స్నానానికి పోతన్నారు. నాంచారు జట్టు పిల్ల తిరపతమ్మ అని, పెదకాపు కూతురు. వాళ్ళది జోడెద్దుల గూడుబండి, ఎద్దుల మెళ్ళో మువ్వలు, లోపల పరుపు. వాళ్ళు మా బండెక్కవే నాంచారూ, పిల్లలందరం కలిసి పోదాం అన్నారు. దీనికి ఎగిరి గంతేసినంత పనైంది. వచ్చి అమ్మతో చెప్పింది. పేరయ్య విన్నాడు. అదేందమ్మా, మనం పోవట్లా? ముగ్గురం మన బండి కట్టుకుని పోదాం, చిమ్మిలి చేసిద్ది మీ అమ్మ, దారంతా కతలు చెప్పుకుంటా పోదాం అన్నాడు. కతలు అనేసరికి ఆ పిల్ల మొహం చూడాల. నేను తిరపతమ్మోళ్ళ బండ్లోనే పోతా అంది. ఆయన ఒప్పుకోలా. ఎప్పుడూ పిల్ల మాట కాదనని మనిషి, ఆ ఒక్కటీ ఒప్పుకోలా. వచ్చే ఏడాదికి నువ్వు మనింట్లో ఉంటావో, ఇంకొకళ్ళ ఇంట్లో ఉంటావో, ఈ ఒక్కసారికి మాతో రా అన్నాడు. దాంతో అది, సరే వస్తా, వస్తా గానీ ఇంక నీతో మాట్టాడితే ఒట్టు అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పేరయ్య నవ్వాడంట పైకి. రాత్రికి ఆదెమ్మతో, సముద్రం చేరేలోపల దాని నోటెంట నాయనా అనే మాట రాకపోతే చూడు, నేను గానుగ పేరయ్యనే కాదు అన్నాడు. అన్నాడు గానీ నిద్ర పోలా.

ఇంక బయలుదేరారు. వాళ్ళకున్నది ఒక్క ఎద్దే గదా, ఒంటెద్దు బండి అడుక్కొచ్చి మైలోణ్ణి కట్టాడు. ఆగవయ్యా, అప్పుడే నవ్వుతావేంది. గానుగెద్దు గుండ్రంగా తిరిగి మళ్ళీ ఊళ్ళోకే వచ్చిందనుకుంటున్నావు గదా? నీకు తెలిసినంత పేరయ్యకి తెలవదనా? ముందు గంతలు తీసి చూశాడు. పాపం అదెప్పుడు చూసింది రోడ్డు, ఆ పక్కన చేను, ఈ పక్కన చెట్టు, అన్నీ చూసేసరికి బిత్తరపోయి, నిలబడింది నిలబడ్డట్టే ఉండిపోయింది. గంతలు కట్టాడు, పగ్గం పట్టుకుని ముందర కూచుని, పదరా మైలోడా, ఇయ్యాల మనకి నువ్వులు లేవు నూనె లేదు, సముద్రం చూడబోతన్నాం అని మొదలుపెట్టాడు. గొంతు విన్నది, నడిచింది. అదంతే. కాకపోతే జన్మంతా ఎడంపక్కకే తిరిగిన ప్రాణం గదా, పగ్గం కొంచెం వదులైతే చాలు, బండి ఎడంపక్క చేలోకి దిగేది. చేనుగలాయన తిట్టేవాడు, పేరయ్య ఆయన్ని బాబాయ్ అని పిలిచి మంచీచెడ్డా మాట్టాడి మరీ బండి పైకి తోలేవాడు.

మరి నాంచారు ఎక్కడ కూచుందనుకున్నారు? బండి ఎనకమాల, కాళ్ళు కిందకేలాడేసి, అటు తిరిగి. పేరయ్య ఊరుకుంటాడా, దాని చేత నోరు తెరిపించాల గదా. పొడుపు కతేశాడు, పలకలా. పాటెత్తుకున్నాడు, చెవులు మూసుకుంది. అరుగో కొంగలు చూడు తల్లీ అన్నాడు, కొంగలేనా నాకు తెలవనియ్యి అన్నట్టు చూసింది. సరేనని దారినపోయే బళ్ళ వాళ్ళతో మొదలుపెట్టాడు. ఏ ఊరు మీది, ఎంతమంది, అది మా అమ్మాయి, నాంచారు, చిన్నప్పుడు నూనె కుండలో కూచుంది తెలుసునా, తీసేటప్పటికి తలకాయ కూడా జారిపోతంది చేతిలోంచి, అని. ఆ బళ్ళ వాళ్ళు నవ్వుతా దాని మొహంలోకి తొంగి చూడటం. అది పైట కొంగు మొహానికి కప్పుకుంది. అంతలో మువ్వల చప్పుడైంది. తిరపతమ్మోళ్ళ బండి. పిల్లలందరూ బయటికి చూస్తా, నాంచారూ, మీ ఎద్దు కళ్ళు మూసుకుని వస్తందేమే, నిద్దర్లో నడుస్తందా అని కేరింతలు. పేరయ్య ఏం చేశాడు? వాళ్ళకి కూడా నూనె కుండ కత మొదలుపెట్టాడు. వాళ్ళ బండి ముందుకు పోయిందాకా అరిచి చెప్పాడు. నాంచారు కొంగు తియ్యలా. ఆదెమ్మ పక్కకొచ్చి చిమ్మిలి ఉండ చేతిలో పెడితే, తీసుకుంది గానీ తినలా. లోపల ఏడుస్తందని తల్లికి తెలుసు. ఏవయ్యో, కాసేపు ఊరుకోరాదా అంది మొగుడితో. ఊరుకుంటే మైలోడు ఆగిపోతాడే అన్నాడు ఆయన.

మద్దేనం దాటింది. అంతసేపు అరిచి అరిచి, ఎండకి, దుమ్ముకి, ఏమైందంటే, పేరయ్య గొంతు పోయింది. కొంచెం బొంగురు పోవటం కాదు, పూర్తిగా పోయింది. మాటంటే గాలే వస్తంది. మైలోడు రెండడుగులేసి నిలబడింది. పని అయిపోయింది గదా దానికి, తెలకపిండి కోసం మూతి నాకతా ఉంది. పేరయ్య పగ్గం అదిలించాడు, ఈపు మీద చరిచాడు, కదల్లా. దిగి ముందుకు లాగాడు, కదల్లా. ఆదెమ్మ నేను మాట్టాడతా ఉండు అని, నడవరా నాయనా మైలోడా అంది. అనటంతోనే అది తలకాయ ఎనక్కి తిప్పి, నాలిక బయటపెట్టింది. రోజూ తెలకపిండి పెట్టేది ఆదెమ్మే మరి, ఆ గొంతు వింటే దానికి తిండి గుర్తొచ్చిద్ది గానీ పని గుర్తొస్తదా? ఎనకొచ్చే బళ్ళన్నీ దాటుకుని పోతన్నయ్యి. తెల్లారి పొద్దు పొడిచేటప్పుడు మునగాల గదా, అప్పటికి చేరకపోతే పున్నం స్నానం పోయినట్టే. పేరయ్య రోడ్డు పక్కన కూలబడ్డాడు. స్నానం పోయినందుకు కాదు. ఎంతో ఆశపడి పిల్లని కూచోబెట్టుకొస్తే, దాని జట్టు పిల్లల ముందర దాని పరువు తీసి, ఇప్పుడు సముద్రం కూడా చూపించలేకపోయానే అని. ఎప్పుడూ మాట్టాడే మనిషి మాట లేకుండా కూచుంటే, చూట్టానికే బాగలేదంట.

నాంచారు చూసింది. ఒట్టు పెట్టుకుంది గదా, నాయనతో మాట్టాడకూడదు. కాసేపు బొటనేలితో దుమ్ములో గీతలు గీసింది. చివరికి లేచొచ్చి, బండి ముందర నాయన కూచునే చోట కూచుంది. పగ్గం చేత పట్టింది. ఇదిగో మైలోడా, నేను నీతో మాట్టాడతన్నా, ఇంకెవరితో కాదు, తెలిసిందా అంది. మైలోడు చెవులు నిక్కించింది. నాయన ఒళ్ళో కూచుని వాగిన గొంతు గదా అది, మర్చిపోద్దా? అడుగేసింది. పేరయ్య గబాల్న లేచి పరిగెత్తి ఎనక ఎక్కాడు, కూతురు కూచున్న చోట, కాళ్ళు కిందకేలాడేసి. ఆ పిల్ల ఇంక మొదలుపెట్టింది చూడు. మైలోడా, మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు, నీకు తెలుసు. ఆయనకి ఊరంతా చుట్టాలే. నేను పెద్దదాన్నయ్యానని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇంకా నూనె కుండలోనే కూచోబెడతన్నాడు. నా జట్టు పిల్లల్ని చూస్తే నాకన్నా ముందు ఆయనే పలకరిస్తాడు. ఇట్టా దారంతా నాయన మీద ఎన్నున్నయ్యో అన్నీ ఎద్దుకి చెప్పింది. ఎనక పేరయ్య అన్నీ వింటన్నాడు. జవాబు చెప్పటానికి గొంతా లేదు. పుట్టి బుద్దెరిగాక అంతసేపు ఒకళ్ళు చెప్పేది ఆయన వినటం అదే మొదలంట.

పొద్దు వాలేసరికి తిట్లు అయిపోయినయ్యి. ఎంతసేపని తిడద్ది. ఆ పిల్ల మాట ఆగింది, మైలోడి అడుగు ఆగింది. ఏదో ఒకటి చెప్పాల గదా. కాసేపాలోచించి, నాకు అమ్మోరు పోసినప్పుడు గుర్తుందా మైలోడా అంది. నీకు పని లేదు ఆ రోజుల్లో, గానుగ ఆపేశాడు ఆయన. నా మంచం పక్కన కూచుని కతలు చెప్పాడు. నేను నిద్దరపోయినా చెప్తానే ఉన్నాడంట, పడుకోవయ్యా అని అమ్మ ఎంత చెప్పినా వినలేదంట. నా గొంతు ఆగితే పిల్ల కూడా మైలోడి లాగా ఆగిపోద్దేమోనే అన్నాడంట. ఈ సంగతి చెప్తా చెప్తా ఆ పిల్ల మాట తడబడింది. మైలోడి అడుగూ తడబడింది, మళ్ళీ సర్దుకుంది. మైలోడా, రేపో మాపో నన్ను ఎవరింటికో పంపిస్తారంట. అక్కడ అందరూ నెమ్మదస్తులైతే ఎట్టారా, నాకు నిద్దర పట్టుద్దా అంది. ఎనక పేరయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుంటన్నాడు. దుమ్మంట. ఆదెమ్మ ఇద్దరికీ మజ్జెన కూచుని, ఎటూ చూడకుండా చిమ్మిలి ఉండ తింటా ఉంది.

అట్టా చేరారు. తెల్లారి పొద్దు పొడిచే ఏళకి ముగ్గురూ నీళ్ళల్లోకి దిగారు. వాళ్ళు ఏరు చూసినోళ్ళే గానీ సముద్రం చూసినోళ్ళు కాదు. నాంచారు ఇంకొంచెం ఇంకొంచెం అని లోపలికి పోతంది. ఇంతలో ఒక అల వచ్చింది, ఆ పిల్ల ఎత్తున. నాంచారూ, ఎనక్కి రా తల్లీ అని ఒక్క కేక. ఒడ్డున ఉన్నోళ్ళంతా తిరిగి చూశారంట, అంత గొంతు. నాయనా అని ఆ పిల్ల చెయ్యి చాచింది. అల మీదనించి పోయింది, నీళ్ళు ఎనక్కి లాగినయ్యి. చూస్తే కూతురు చెయ్యి తండ్రి చేతిలో ఉంది. ఇద్దరూ ఉప్పునీళ్ళు ఉమ్ముతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు పేరయ్యకి తట్టింది. టక్కున గొంతు పట్టుకుని, నోరు తెరిచి, గాలి వదిలాడు. గొంతు లేదు అన్నట్టు చెయ్యి తిప్పాడు. నాంచారు నీళ్ళు పిండుకుంటా ఒడ్డుకి నడిచింది.

తిరుగు బండి కట్టేటప్పుడు తిరపతమ్మోళ్ళు పిలిచారు, ఇప్పుడన్నా మా బండెక్కవే అని. నేనెక్కితే మా ఎద్దుని ఎవరు నడిపిస్తారే, మా నాయనకి గొంతు పోయింది అంది నాంచారు. అని ముందర ఎక్కి కూచుంది. పేరయ్య బుద్దిగా పోయి ఎనకమాల కూచున్నాడు. ఏవయ్యో, ఇంకా రాలేదా గొంతు అని ఆదెమ్మ అడిగితే, పాపం ఎంత బాదగా తలకాయ అడ్డంగా ఊపాడో. దారంతా పలకరించే బళ్ళొచ్చినయ్యి, పెదాలు బిగబట్టుకుని కూచున్నాడు, ఆ మనిషి, పేరయ్య, నమ్ముతారా? ఆయనకి గొంతు వచ్చిందని కూతురికి తెలుసు. కూతురికి తెలుసని ఆయనకి తెలుసు. ఇద్దరి సంగతీ ఆదెమ్మకి తెలుసు. తెలవంది ఒక్క మైలోడికే. ఆ పిల్ల తనతోనే మాట్టాడతందనుకుని ఊరిదాకా లాక్కొచ్చింది పాపం.