కాలు మాత్ర

చిక్కబళ్ళాపురంలో ఒక ఇంటి అరుగు. గోవిందప్ప కాలికి కట్టు ఉంది. కోడలు నేత్ర మాత్రల డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"మామా, మళ్ళా నిద్రపోతాండావా?"

"లేదమ్మా. కండ్లు మూసుకోని ఆలోచిస్తాండా."

"గురక పెట్టి ఆలోచిస్తారా? లెయ్. రోజూ కొంచెం నడిస్తేనే కాలికి బలం వస్తుందని డాక్టరు చెప్పె గదా."

"నడుస్తా. ముందు నా బండి బీగంచెవి ఇప్పియ్యి."

"నడిస్తేనే బీగం అని అత్తమ్మ చెప్పిపాయ గదా."

"మీ అత్త మొండిది."

"అది పక్కన పెట్టు. ఈ షుగరు మాత్రలు తెచ్చినవి తెచ్చినట్లే ఉండాయి. ఏల మింగలేదు?"

"డాక్టరే వద్దన్న్యాడు."

"వద్దన్న్యాడా? షుగరు తగ్గకపోతే గాయం మానదని నా ముందరే చెప్పె."

"కడకు కన్నడంలో ఏమన్న్యాడు? 'కాలు మాత్రె సాకు' అన్న్యాడా లేదా? కాలు మాత్ర ఒకటి చాలు అని. మిగతావన్నీ నిలిపేస్తి."

"కాలు మాత్రా? అదేది?"

"అదే, ఆ తెల్లది. మింగితే నొప్పీ గిప్పీ ఏమీ తెలీదు."

"అది నిద్రమాత్ర మామా. అది మింగి తూలే గదా నీళ్ళు పోసుకుంటా బచ్చలింట్లో పడితివి. అందుకే తగ్గించి, పావు చాలన్న్యాడు. కన్నడంలో కాలు అంటే పావు."

"నాకు కన్నడ నేర్పిస్తావా? కాలికి దెబ్బ తగిలినోనికి కాలు మాత్ర గాక చెవి మాత్ర ఇస్తారా?"

"అంగట్లో కాలు కేజీ బెల్లం అంటే కాలు తెగ్గోసి ఇస్తారా?"

"అది అంగడి. ఇది ఆస్పత్రి."

"ఎంత మింగుతాండావు?"

"ఒకటి. నిండు మాత్ర."

"దేవుడా. ఇంగెవరికన్నా ఇస్తివా?"

"ఎవరికీ లేదు. మీ అత్తకు మాత్రం. మోకాలు నొప్పి, బస్సు మెట్లు ఎక్కలేను అనె. పొద్దన ఒకటి ఇస్తి."

"అనంతపురం బస్సు ఎక్కేముందరనా? ఆమె బాగేపల్లిలో దిగాల గదా."

"దిగుంటాదిలే. నీ ఫోను మోగతాండాది, చూడు."

"హలో. ఆ, మా అత్తమ్మే. యాడ? సరే అన్నా, ఆడనే కూర్చోబెట్టు."

"ఎవరమ్మా?"

"పెనుకొండలో టీ అంగడాయన. అత్తమ్మ బాగేపల్లి దాటిందీ తెలీకుండా బస్సులో బాగా నిద్రపోయిందంట. ఇప్పుడు దిగి, బాగేపల్లికి ఇంత పెద్ద కొండ ఎప్పుడొచ్చె అని అందరినీ అడగతాండాదంట."

"నువ్వేం భయపడొద్దు. నా బండి బీగం ఇయ్యి, నేను పోయి పిలుచుకొనొస్తా."

"బీగం ఆమె కొంగులోనే ఉండాది మామా."