పోలిరాజు తీసిన వొంపు

ఏటమ్మా, వొంగి వొంగి ఏటి కొలత్తన్నావ్ మా వాకిట్లో? ఓ, సచివాలయం పిల్లవా. పేరు? శ్రీసత్యా? రా, ఇలగ నీడలోకి రా, ఎండ మాడ్సీత్తంది. అయితే మా వీధి వాన నీటి కాలవ బాగుసెయ్యడానికి స్టేట్ గ్రాంటు ఒచ్చీసిందన్న మాట. మంచిదే. పని ఎక్కడ మొదలెడతారు? మా గుమ్మం కాడ్నించా? అసోసియేషనోలు అలగ సెప్పినారా? పై నుంచి మొదలెట్టి, సొమ్ము ఎంతవరకొస్తే అంతవరకు. ఊఁ. వీధిలో పెద్దోణ్ణని నా సంతకం కోసం ఒచ్చినావు. నాను పెట్టను. నీ మీద కోపమేం నేదమ్మా, కూకో. కూకుంటే పోలిరాజు గురించి సెప్తాను, అప్పుడు నీకే తెలుస్తాది.

పోలిరాజంటే కాలవల మేస్త్రీ. నువ్వు పుట్టకముందోడు. ఈ వీధి కిందాకరికి, రైలుకట్ట కాడ రేకుల ఇళ్లున్నాయ్ సూడు, అక్కడుండీవోడు, ఆడూ, ఆడి పెళ్లాం జోగమ్మా. పిల్లల్లేరు. పొట్టిగా ఉండీవోడు, ఎప్పుడు సూసినా మోకాళ్ల దాకా బురదే. నాను అప్పట్లో పోర్టులో క్రేను నడిపీవోణ్ణి. మాకో ఫోర్‌మేన్ ఉండీవోడు, ఆడు... వొద్దులే, ఆడి గురించి మొదలెడితే సాయంత్రమైపోద్ది. ఏటి సెప్తన్నాను? ఆఁ, పోలిరాజు. ఆడికి నీలాగ టేపులూ, లెవెళ్లూ ఏవీ అక్కర్నేదు. ఓ వేపాకు కాలవలో పడీసి దాని ఎనకాలే నడిసీవోడు. ఆకు ఎక్కడాగిపోతే అక్కడ కూకుని, సేత్తో తడిమి, "ఇదిగో బాబూ, ఇక్కడ అడుగు ఉబ్బి పొట్టొచ్చింది" అనీవోడు. మా ఆవిడ పుష్ప నవ్వీది. "పోలిరాజూ, ఆకుతో పాటు నువ్వూ ఏదో రోజు సముద్రంలోకి ఎల్లిపోతావ్" అని. "ఎల్తే మంచిదేనమ్మా, కాలవ బాగున్నట్టే గదా" అనీవోడు.

అప్పుడూ ఇలగే గ్రాంటొచ్చింది. అసోసియేషన్ కార్యదర్శి ఎవులనుకున్నావ్? నానే, ఈ శ్రీరామ్మూర్తే. మీటింగు మా వాకిట్లోనే, కుర్చీలేసి, బజ్జీలేయించి. పోలిరాజు గేటు బయట నిలబడి, "బాబూ, కింద్నించి మొదలెట్టండి. కట్ట కింద తూము పూడిపోయున్నాది. ముందది తీసి, అక్కడ్నించి పైకి రావాల. పైన బాగుసేసీసి కింద వొదిలేత్తే, కొండ నీళ్లన్నీ ఒక్కసారే ఒచ్చి మా నెత్తి మీద పడతాయ్" అన్నాడు. ఒకటికి రెండు సార్లు సెప్పినాడు పాపం. మా పక్కింటి వీరన్న బావ ఊరుకుంటాడా? "నీ ఇల్లు కిందున్నాది గాబట్టి కింద్నించి అంటన్నావురా" అన్నాడు. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను. మీ ఇళ్లు పైనున్నాయి గాబట్టి మీరు పై నుంచి అంటన్నారు అని ఆడనొచ్చు. అననేదు. తల దించుకుని ఎల్లిపోనాడు. నాను తీర్మానం రాసీసినాను, మా ఇంటి ముందర నించే మొదలెట్టాలని. సొమ్ము ఎంతవరకొస్తే అంతవరకు అని కూడా రాసినాను. అచ్చు ఇప్పుడు నువ్వు తెచ్చిన కాగితం లాగే.

పని మళ్లీ ఆ పోలిరాజుకే పడింది. ఇష్టం నేని పని గదా, తూతూ మంత్రంగా కానిచ్చేత్తాడనుకున్నాను. అబ్బే. అడుగడుక్కీ కూకుని, నీరు నిలవకుండా జారీ వొంపు కుదిరిందా నేదా అని తట్టి సూసి, నచ్చకపోతే తీయించి మళ్లీ పోయించినాడు. ఇస్కూలు గేటు వరకొచ్చీసరికి సొమ్మైపోనాది. కింద మిగిలిన ముక్క మళ్లీ గ్రాంటొచ్చినప్పుడు సూద్దాం అన్నాం. అన్నాం, ఇళ్లకెల్లిపోనాం.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకున్నాది. పొద్దున్న తొమ్మిదింటికి మొదలై మరి ఆగనేదు. ప్రతేడూ మా వాకిట్లో మోకాల్లోతు నిలబడీ నీరు, గడగడా దిగి ఎల్లిపోతంది. మేమందరం గుమ్మాల్లో నిలబడి సంబరంగా సూత్తన్నాం. వీరన్న బావైతే గొడుగేసుకుని కాలవ పక్కన ఇటూ అటూ తిరిగినాడు, తనే కట్టినట్టు. ఆ నీళ్లు ఎక్కడికెల్తన్నాయో ఒకడికీ తోచనేదు. నీరు పల్లమెరుగు అని సిన్నప్పట్నించీ అంటాం గదా, అనడమే. కింద రేకుల ఇళ్లలో నడుమెత్తు నీరు. జోగమ్మకి అప్పటికే కాళ్లు పడిపోయి మంచంలో ఉన్నాది. సుట్టుపక్కలోలు ఎవుల పిల్లల్ని ఆళ్లు ఎత్తుకుని కట్టెక్కీసినారు. పోలిరాజు డ్యూటీ మీద ఇంకో వార్డులో కాలవలు తీత్తన్నాడు. ఆడొచ్చీసరికి మంచం తేలిపోతన్నాదట. భుజాన ఎత్తుకుని రైలుకట్ట మీదకి సేర్సి, సాయంత్రం దాకా ఆ వానలోనే ఒళ్లో పెట్టుకుని కూకున్నాడు. ఆవిడికి జొరమొచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాది, తొమ్మిదో రోజు పోనాది.

నాను తప్పు సేసినానమ్మా. ఎవులూ నన్నొక మాట అననేదు, అందుకే అది ఇన్నేళ్లైనా లోపలే ఉండిపోనాది. ఆ తూము ఇప్పటికీ అలగే ఉన్నాది, ఎల్లి సూసుకో. కింద ఇళ్లలో ఇప్పుడు వేరేవోలుంటన్నారు, అచ్యుతాపురం కంపెనీలకెల్లీ పిల్లలు, సంటిబిడ్డల తల్లులు. మొదటి గునపం తూము కాడ పడతాదని రాసుకురా, అప్పుడు పెడతాను సంతకం. మా ఇంటి దాకా రాకుండానే సొమ్మైపోతే అయిపోనీ. మా ఇంట్లోకి నీరొస్తే కుర్చీ మీద కాళ్లెట్టుకుని కూకుంటాను, నాకేటి.

జోగమ్మ పోయిన పదకొండో రోజునో ఏటో పోలిరాజుని పలకరించడానికి ఎల్లినాను. గోడ మీద తడి ఇంకా ఇంతెత్తున ఉన్నాది. నన్ను సూసి లేసి నిలబడ్డాడు. కూకోమనడానికి ఏం నేదు ఇంట్లో. బిందె బోర్లించి, తువ్వాలుతో తుడిసి, "కూకోండి బాబూ" అన్నాడు. ఏడుత్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుణ్ణు. "బాబూ, ఆ రోజు మీ వాకిట్లో నీరు నిలిసిందేటి?" అన్నాడు. ఎటకారం కాదమ్మా, నిజంగానే అడుగుతన్నాడు. నిలిసిందని అబద్ధమాడీద్దామనుకున్నాను. నోరు రానేదు. "నిలవనేదు పోలిరాజూ" అన్నాను. "సుక్కైనా?" అన్నాడు. "సుక్కైనా నిలవనేదు" అన్నాను. ఆడు తలూపి, "అయితే వొంపు సరిగ్గానే కుదిరింది బాబూ" అన్నాడు.

...అదిగో, మా పుష్ప కాఫీ తెచ్చింది. తాగమ్మా, సల్లారిపోద్ది.