ఏడో అంతస్తులో డ్రైవరు సలహా

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పను. వెనక సీట్లో కూర్చున్న చైర్మన్ గారికి ఒక్క మాట చెప్పాను, అంతే," అన్నాడు డ్రైవరు, టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని. అభివృద్ధి బ్యాంకు కారు ఇరవై రెండేళ్లు నడిపి ఈ మధ్యే రిటైరయ్యాడు. ఒక పక్క టైలరు, ఇంకో పక్క డ్యూటీకి బయల్దేరిన నర్సు. కొట్టు ముందు కరెంటు స్తంభం దగ్గర ఎవరో కొత్తాయన నిలబడి టీ తాగుతున్నాడు.

"ఏం మాట బాబాయ్?" అంది నర్సు.

"చెప్తా వినమ్మా. అది నువ్వూ నేనూ డబ్బులేసుకునే బ్యాంకు కాదు. ఇరుగుపొరుగు దేశాలు పన్నెండు కలిసి పెట్టుకున్నది. రోడ్లకీ వంతెనలకీ అప్పులిస్తుంది. ఒక్కో దేశం వంద రూపాయల వాటా రాసిస్తే, చేతిలో పెట్టేది పది రూపాయలే. మిగతా తొంభైకి, అవసరం పడితే ఇస్తామని మాట."

"మాట మీద వంతెన నిలబడుతుందా?" అన్నాడు టైలరు.

"చైర్మన్ గారూ అచ్చం ఇలాగే అడిగారు. నేను అద్దంలో చూస్తూ అన్నాను, 'సార్, ఆ మాట వెనక పన్నెండు ప్రభుత్వాలున్నాయి. అది చూపించి బాండ్లు అమ్మండి. డబ్బున్నవాళ్లు నమ్మి తక్కువ వడ్డీకే ఇస్తారు. దాని మీద పిసరంత వడ్డీ వేసుకుని, ఇరవై ఏళ్లలో తీర్చమని మనం అప్పిద్దాం' అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను యూనిఫాంతోనే ఏడో అంతస్తుకి తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టారు. బాండ్ల కోసం జనం ఎగబడ్డారు. ఊళ్లో కాయితం అయిపోతే పాత క్యాలెండర్ల వెనక అచ్చేశాం. వచ్చిన డబ్బు బరువుకి బిల్డింగు ఒక అంతస్తు భూమిలోకి దిగబడింది."

"మరి అంత డబ్బూ ఏం చేశారు?" అంది నర్సు.

"ఒకేసారి ఇచ్చేస్తామా ఏంటి? పని జరిగినకొద్దీ వాయిదాల్లో ఇస్తాం. ఒక స్తంభం లేస్తే ఒక వాయిదా. అది తెలిసిపోయి, మేం భోంచేసి వచ్చేసరికి స్తంభాలు వాటంతటవే నాలుగు లేచాయి. ఒకచోట వంతెన ముందు పూర్తయింది, దాని కింద పారడానికి నదిని తర్వాత వెతుక్కొచ్చాం. అంతెందుకమ్మా, మన కాలవ మీద వంతెనకీ నిన్ననే సంతకం పెట్టించాను. రేపటి నుంచి పని."

నర్సు గ్లాసు కింద పెట్టేసింది. మొన్న వానకి ఆ కాలవ మీద చెక్కబల్ల జారి, నిండు గర్భిణి నీళ్లలో పడబోతే తనే పట్టుకుంది. "నిజంగానా బాబాయ్?"

కరెంటు స్తంభం దగ్గరాయన గొంతు సవరించుకున్నాడు. "సంతకం కాలేదండీ. ఆ వంతెన అవసరమో కాదో చూసి రమ్మని బ్యాంకు పంపిన ఇంజనీర్ని నేనే. పైగా మా ఆఫీసుకి ఉన్నవి రెండే అంతస్తులు."

"మిగతావి దిగబడిపోయుంటాయి లెండి," అన్నాడు టైలరు.

డ్రైవరు కాలు మీది కాలు దించాడు.

"కానీ వాటాలూ బాండ్లూ వాయిదాలూ, మీరు చెప్పిన పద్ధతి మాత్రం సరిగ్గా ఉంది. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు ఇంజనీరు, దగ్గరికొచ్చి.

"వెనక సీట్లో మాట్లాడుకునేవారండి," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. "డ్రైవరు వింటాడని ఎవరూ అనుకోరు కదా."

ఇంజనీరు కాయితాలు తీశాడు. "సరే, కాలవ మీది ఆ చెక్కబల్ల మీద రోజుకి ఎంతమంది దాటుతారో ఇక్కడెవరికైనా తెలుసా?"

డ్రైవరు "లక్ష" అనబోయి నోరు తెరిచాడు. నర్సు అతని మొహంలోకే చూస్తోంది.

"మూడు వందల పన్నెండు మంది," అన్నాడు. "నిన్న పొద్దుట నుంచి చీకటి పడేదాకా గట్టు మీద కూర్చుని నేనే లెక్కపెట్టాను. వెళ్లినవాళ్లే తిరిగొస్తే రెండోసారి లెక్కలో వేయలేదు."