రాయి కింది బాలింత

సారపాక అవతల, అడవి హద్దు. జామాయిల్ తోట చివర కందకం తవ్వుతున్న మిషిన్ ఒక నల్లరాయి ముందు ఆగింది. మిషిన్ మీద భద్రు. రాయికి అడ్డంగా అతని భార్య భాను, ఆ బీటుకు ఫారెస్ట్ ఆఫీసర్.

"జరుగు మేడమ్."

"జరగ."

"సున్నం గీత పోయించింది నువ్వే. గీత మీదనే తవ్వుమన్నది నువ్వే. ఇప్పుడు గీత మీద నిలబడ్డది గూడ నువ్వే. మీ నౌకరిల గిట్లనే నేర్పుతరా?"

"ముందు బండి బంద్ చెయ్. అదురుకు కింద మన్ను కదులుతున్నది."

"మన్ను కదలకుంట కందకం తవ్వుడు నాకు రాదు. నీకొస్తే ఎక్కి కూసో. నేను టోపీ పెట్టుకొని కింద నిలబడి ఆర్డర్లిస్త."

"మజాక్ చెయ్యకు. రాయి కింద తల్లి ఉన్నది. పొద్దుగాల రాయి కొంచెం లేపి చూసి, మళ్ల మెల్లగ పెట్టిన. గుడ్ల చుట్టు చుట్టుకొని పడుకున్నది."

"పామా?"

"పాము కాదు."

"ఎర్రనా, వానపాము?"

"ఎర్ర కాదు. కప్పకు చుట్టం. కాళ్లు లేవంతే. పుస్తకంల సిసిలియన్ అంటరు."

"కాళ్లు లేని కప్ప! మంచిది. కండ్లన్న ఉన్నయా?"

"ఉన్నయ్, తోలు కింద. ఉన్నా లేనట్టే. ముక్కు పక్కన చిన్న మీసం అసొంటిది ఉంటది. దాంతోటే వాసన పట్టుకుంట మన్నుల తిరుగుతది. ఎర్రలు తింటది, చెదలు తింటది."

"కాళ్లు లేకుంట మన్నుల ఎట్ల తిరుగుతది?"

"తలతోటే తవ్వుకుంట పోతది. గట్టి తల దానిది."

"తలతోటే తవ్వుతదా? గంత గట్టి తల మనింట్ల నీదొక్కదే అనుకున్న."

"నీకు చెప్పుడే నాది తప్పు."

"కాదు కాదు, చెప్పు. కండ్లు కనపడయ్, ఎండ మొఖం చూడదు, దినమంత తవ్వుడే పని. మా కాంట్రాక్టర్ పగిడయ్యకు తెలిస్తే నన్ను తీసేసి దాన్నే ఆపరేటర్‌గ పెట్టుకుంటడు. బత్తా గూడ అడగదు. ఇంతకు తలేది, తోకేది దానికి?"

"దగ్గరికొచ్చి చూస్తేనే తెలుస్తది."

"అయితే పగిడయ్యను దగ్గరికి రానియ్యకు. రెండు తలల పామని బేరం పెడ్తడు."

"రానియ్య. ఇగ నువ్వు గీత ఇడిచిపెట్టి, రాయి పక్కకెళ్లి వంపు తిప్పుకొని తవ్వు. నేను రాసిస్త."

"వంపు తిప్పితే ఏమంటడో ఎర్కేనా? ఆపరేటర్ తాగిండంటడు. కప్ప కోసం మా పెండ్లాం తిప్పుమన్నదంటే, ఇద్దరు కలిసి తాగిండ్రంటడు."

"అననియ్యి."

"అనుడు కాదే భానూ. పొద్దుగూకెటాళ్లకు కందకం వాగుల కలవకపోతే బండి తాళం ఇంకోని చేతుల పెడ్తనన్నడు. అప్పుడు నేను గూడ ఏదన్న రాయి కింద చుట్టుకొని పండుకుంట. టోపీ పెట్టుకొని వచ్చి కాపలా కాయి."

"నీకు ఎవడన్న ఇంకో బండి ఇస్తడు. దానికి ఇంకో తాప గుడ్లు ఎప్పుడో."

"సరే, తట్టల ఎత్తి పక్కకు పెట్టరాదు?"

"ముట్టుకుంటే గుడ్లిడిచి పోతదేమో. తల్లి ఒంటి తడే వాటికి తడి. తల్లి లేకుంటే ఎండిపోతయ్, లేదంటే బూజు పడ్తయ్. పిల్లలు బయటికొచ్చే దాక తిండికి గూడ పోకుంట గట్లనే పడుకుంటది."

"పిల్లలు ఏడుస్తే గూడ పోదా?"

"గుడ్లు ఎట్ల ఏడుస్తయ్?"

"గుడ్లు కాదు. ఎనకకు చూడు. మా యాడి వస్తున్నది, చంకల నీ బిడ్డ. కప్ప కథ ఇప్పుడు మీ అత్తకు చెప్పు."

"ఏందిరా భద్రూ, బండి మీద కూసొని ముచ్చట్లు పెడ్తున్నవ్? భానూ, నీ బిడ్డ డబ్బాపాలు నా మీదనే ఉమ్మేసింది. దా, పాలియ్యి."

"అత్తా, జరంత ఆగు. నేను జరిగితే ఈయన రాయి లేపుతడు."

"ఆగాల్నా? సరే. ఆగవే బిడ్డా, ఏడ్వకు. మీ అమ్మ రాయికి పాలిచ్చి వస్తదట."

"రాయికి కాదు యాడీ. రాయి కింద బాలింత ఉన్నదట. కప్ప బాలింత. నీ కోడలు దానికి కాపలా."

"ఓహో. ఇంట్ల బాలింత ఎవరో యాది మరిచినట్టున్నది. దాని మొగడేడే భానూ?"

"గుడ్ల కాడ ఉండడు అత్తా. తల్లే చూసుకుంటది."

"బండి నడపబోయిండేమో."

"నన్నెందుకు గుంజుతవే నడుమల?"

"నువ్వు ఊకోరా. ఇంకేం చేస్తదే నీ కప్ప?"

"ఇది చెయ్యది గానీ, వేరే దేశాలల్ల దీని చుట్టాలున్నయ్. పిల్లలు తల్లి పైతోలు గీక్కొని తింటయ్. తల్లి కదలకుంట తిననిస్తది."

"దానికి వేరే దేశం దాక ఎందుకే? నా కొడుకు ఇరవై ఏండ్లు నా తోలే తిన్నడు. ఒక్క ఆఫీసరన్న చూడ రాలే."

"సరిపోయింది. అత్తాకోడండ్లు ఒక్కటైతే నేను బతుకుతనా? యాడీ, ఆమెను తీసుకపో. నాకు పని ఉన్నది."

"ఆగురా. భానూ, బండి గింత మొత్తుకుంటుంటే అది పారిపోలేదేందే?"

"గుడ్లున్నయ్ కదా అత్తా."

"అవ్. ఇగో, పిల్లను పట్టు. గా చెట్టు కింద కూసొని పాలియ్యి."

"నేను పోతే రాయి..."

"నేనుంట. పో."

"యాడీ! ఏంది, మన్నుల కూసుంటున్నవ్? నువ్వు గూడనా? లెవ్వు, ఎవరన్న చూస్తే నవ్వుతరు."

"నవ్వనియ్యి. మిషిన్‌కు అడ్డం పోవుడు నాకు కొత్తగాదు."

"నువ్వెప్పుడు పోయినవ్?"

"నువ్వు పుట్టినప్పుడు. పురుడు గూడ ఎల్లలే. కాలువ తవ్వెటోళ్ల మిషిన్ గుడిసె మీదికొచ్చింది. అయ్యా, బాలింతను, జరన్ని దినాలు ఆగుమన్న. గీత మీద ఉన్నవ్, జరుగు అన్నడు."

"ఎవడన్నడు?"

"నడిపెటోడు. నీ లెక్కనే తలకు తువ్వాల చుట్టుకున్నడు. చెడ్డోడేం కాదు, నాకు తాగ నీళ్లు గూడ ఇచ్చిండు. వాని పని వాంది."

"జరిగినవా?"

"జరగకేం చేస్త? చేతులల్ల నువ్వున్నవ్."

"మరి గుడిసె?"

"మిషిన్ మీద కూసున్నది నువ్వు. నన్నడుగుతవేందిరా?"

భద్రు తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"ఏమైంది, బండి బంద్ చేసినవ్?"

"యాడీ... గిన్నేండ్లల్ల నాకు ఒక్కసారన్న చెప్పలేదేందే?"

"చెప్తే నువ్వు ఈ బండి ఎక్కేటోనివా? మనమేం తినేటోళ్లం?"